మోకీలు మార్పిడికి కృత్రిమ మేధ: యంత్రము చేయునదేమి, పంచాయతీ చేయవలసినదేమి?

వేరుశనగ చేనిలో కలుపు తీయు స్త్రీ ఉదయము మొదలు సాయంకాలము వరకు గొంతుకూర్చుండియే ముందునకు జరుగుచుండును. ధర్మవరపు నేతగాడు గుంటమగ్గమున కాళ్ళుంచి దినమెల్ల తొక్కుడుకొయ్యలను తొక్కుచుండును. గొఱ్ఱెల కాపరి మందవెంట గుట్టలెక్కి దిగుచుండును. ఇట్లు ముప్పది నలువది ఏండ్లు పాటుపడిన శరీరములో తఱచుగా ముందు మొరపెట్టునది మోకాలు. అనంతపురము నుండి కదిరికి పోవు మార్గముననున్న బత్తలపల్లెలోను, దాని చుట్టుపట్ల గ్రామములలోను, అరువది దాటినవారు నలుగురు కూడినచోట మోకాళ్ళ నొప్పి మాట రాకుండుట అరుదు.

ఇటీవల ఆ మాటతోపాటు మరియొక మాట కూడ వినవచ్చుచున్నది. రోబో సహాయమున మోకాలు మార్చెదమనియు, కృత్రిమ మేధ చేత కొలతలు తీసెదమనియు నగరములలోని ఆసుపత్రులు ప్రకటించుచున్నవి. ఆ ప్రకటనలు చేతి ఫోనుల ద్వారా పల్లెలకును చేరుచున్నవి. నొప్పితో బాధపడు గ్రామస్థుడు పంచాయతీ సభ్యుని వద్దకు వచ్చి, “రోబో ఉన్న ఆసుపత్రికే పోవలెనా? దానికొరకు చేను తాకట్టు పెట్టవచ్చునా?” అని యడుగును. సభ్యుడు వైద్యుడు కాడు. అయినను ఊరివారు ముందుగా సలహా యడుగునది ఆయననే. ఆ సలహా పొరపాటైనచో కోల్పోవునది ఒక కుటుంబపు భూమి; సరియైనచో నిలుచునది ఒక మనిషి నడక. కావున ఈ నూతన యంత్రములు ఏమి చేయునో, ఏమి చేయజాలవో సభ్యులకు తెలియజేయుటకు ఈ వ్యాసమున మేము ప్రయత్నించుచున్నాము.

మోకాలు ఏల అరుగును?

మోకాలిలో తొడ ఎముక క్రింది కొన, పిక్క ఎముక పై కొన ఒకదానిపై నొకటి కదలుచుండును. ఈ రెండు కొనలను నున్నని మెత్తని ఎముక పొర కప్పియుండును. దీనిని మృదులాస్థి యందురు. బండి ఇరుసుకు కందెన ఎట్టిదో, మోకాలికి ఈ పొరయు, దానిచుట్టు నుండు జిగట ద్రవమును అట్టివి. వయసు, అధిక బరువు, పూర్వము తగిలిన దెబ్బలు, వంశపారంపర్యము, మోకాలు మడిచి బహుకాలము చేయు పనులు - వీని వలన ఈ పొర అరుగును. పొర పోయినచోట ఎముక ఎముకను రాచుకొనును. నొప్పి, వాపు, బిగుసుకొనుట కలుగును. క్రమముగా కాలు దొడ్డికాలుగా వంగును. దీనినే వైద్యులు ఆస్టియో ఆర్థరైటిస్ అందురు.

మోకాలు నొప్పి యనగానే శస్త్రచికిత్స యని తలపరాదు. తొలిదశలో తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామము, బరువు తగ్గుట, చేతికఱ్ఱ వాడుట, వైద్యుని సలహాపై మాత్రమే నొప్పిమందు తీసికొనుట - ఇవియే చికిత్స. చేతికఱ్ఱను నొప్పి కాలి వైపున కాక, రెండవ వైపు చేతితో పట్టవలెను. ఈ చిన్న సంగతి తెలియక పలువురు దాని ఫలమును పొందలేకున్నారు. దుకాణమున కొన్న నొప్పి మాత్రలను నెలలతరబడి మ్రింగినచో మూత్రపిండములు చెడును. కడుపులో పుండ్లు పడును. ఈ పద్ధతులన్నియు ప్రయత్నించిన పిదపను రాత్రి నిద్రపట్టనీయని నొప్పి యుండి, ఇంటి గడప దాటుటయే కష్టమైనపుడు మోకీలు మార్పిడి ఆలోచింపదగినది.

శస్త్రచికిత్సలో జరుగునదేమి?

మన పల్లెలలో “చిప్ప మార్చినారు” అందురు. నిజమునకు మార్చునది చిప్ప మాత్రమే కాదు. అరిగిన తొడ ఎముక కొనను, పిక్క ఎముక కొనను పలుచగా కోసి తీసివైచి, వానికి లోహపు తొడుగులు బిగింతురు. నడుమ గట్టి ప్లాస్టికు పలకను అమర్తురు. చిప్ప వెనుక భాగమును అవసరమైనచో మాత్రమే మార్తురు.

ఈ ఆలోచన నేటిది కాదు. 1890లో బెర్లిను నగరమున థెమిస్టోక్లెస్ గ్లుక్ అను వైద్యుడు ఏనుగు దంతముతో మడతబందు వంటి మోకాలిని చేసి అమర్చెను. కాని చీము పట్టుటచే అది నిలువలేదు. 1968లో ఇంగ్లండునందు ఫ్రాంక్ గన్‌స్టన్, లోహమును ప్లాస్టికును కలిపి సహజమైన కదలికను పోలిన మోకాలిని అమర్చెను. 1974లో న్యూయార్కునందు జాన్ ఇన్సాల్, ఆయన సహచరులు వాడుకలోనికి తెచ్చిన నమూనా నేటి మోకాళ్ళకు మూలమైనది.

ఇందు ముఖ్యమైనది అమరిక. మేస్త్రి గోడకు గుండు వ్రేలాడదీసి నిటారును చూచునట్లు, తుంటి నడుమ నుండి చీలమండ నడుమకు ఒక గీత గీచినచో అది మోకాలి నడుమగా పోవలెను. ఈ గీత నుండి 3 డిగ్రీలకంటె మించి తొలగరాదనునది శస్త్రవైద్యులు చిరకాలముగా పాటించు లెక్క. ఇరుసు వాలిన బండిచక్రము ఒక ప్రక్క అరిగిపోవును గదా! అట్లే అమరిక తప్పిన మోకాలిపై బరువు ఒకవైపే పడును. అంతియే కాదు, మోకాలికి ఇరుప్రక్కల నుండు కట్టునరముల బిగువు సమానముగా నుండవలెను. ఒకప్రక్క బిగువు, ఒకప్రక్క వదులు అయినచో రోగి నడచునపుడు కాలు నిలకడగా నుండదు. ఈ రెండు పనులలో వైద్యుని కంటికి, చేతికి తోడ్పడుటకే నూతన యంత్రములు వచ్చినవి.

కృత్రిమ మేధ యనగానేమి?

సంతలో ఎద్దును నాలుగడుగులు నడిపించి చూచి, దాని గిట్టలోని లోపమును చెప్పగల రైతులు కలరు. ఆ నేర్పు వారికి పుస్తకముల వలన రాలేదు. వేల ఎద్దులను చూచుట వలన వచ్చినది. కృత్రిమ మేధయు నట్టిదే. వేలకొలది ఎక్సురే చిత్రములను, వానిపై వైద్యులు వ్రాసిన నిర్ణయములను కంప్యూటరుకు చూపుదురు. ఏ చిత్రమునకు ఏ నిర్ణయము తగునో అది తనంత తాను పోలికలు పట్టి నేర్చుకొనును. పిమ్మట క్రొత్త చిత్రమును చూపినచో తన అంచనాను చెప్పును.

మోకాలి వైద్యమున దీనిని ముఖ్యముగా మూడు పనులకు వాడుచున్నారు. మొదటిది, ఎక్సురే చూచి అరుగుదల ఏ దశలోనున్నదో చెప్పుట. ఈ దశలను 1957లో ఇంగ్లండు వైద్యులు కెల్‌గ్రెన్, లారెన్సు అనువారు సున్న మొదలు నాలుగు వరకు విభజించిరి; నేటికిని ఆ విభజనయే వాడుకలోనున్నది. రెండవది, రోగి ఎముకల కొలతలను బట్టి ఏ పరిమాణపు తొడుగు సరిపోవునో, ఎముకను ఎంతమేర కోయవలెనో ముందుగా సూచించుట. మూడవది, రోగి వయసు, బరువు, మధుమేహము మొదలగు వివరములను బట్టి ఎవరికి ఎక్కువ జాగ్రత్త యవసరమో అంచనా వేయుట.

ఇచట ఒక సంగతిని మరువరాదు. ఎక్సురే దశయు, రోగి బాధయు ఎల్లప్పుడును సరిపోలవు. ఎక్సురేలో నాలుగవ దశ కనిపించినను కొందరు చేలలో పనిచేయగలుగుచున్నారు. రెండవ దశలోనే కొందరు నడువలేకున్నారు. కావున యంత్రము “నాలుగు” అన్నంత మాత్రమున కత్తి పట్టనక్కరలేదు. చికిత్స చేయవలసినది మనిషికి గాని ఎక్సురేకు కాదు.

యంత్రపు చేయి పనిచేయు విధము

ప్రకటనలలో రోబో అనుమాట విని, వైద్యుడు లేకయే యంత్రము కోతకోయునని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. మోకాలికి నేడు వాడు యంత్రములు చాలవరకు వైద్యుని చేతికి ఆసరా మాత్రమే.

పని జరుగు తీరు ఇట్లుండును. కొన్ని పద్ధతులలో ముందుగా కాలికి సి.టి. స్కాను తీసి, దానినుండి ఎముకల రూపమును కంప్యూటరులో నిర్మింతురు. మరికొన్నిటిలో స్కాను లేకయే శస్త్రచికిత్స సమయముననే ఎముకను తాకి కొలతలు తీసికొందురు. రోగికి మత్తిచ్చిన పిదప తొడ ఎముకకును, పిక్క ఎముకకును సన్నని లోహపు మేకులు దిగవేసి, వానిపై గురుతు గోళములను నిలుపుదురు. ఎదుటనున్న కెమెరా ఆ గురుతులను చూచుచు, కాలు ఎటు కదలినను ఎముక ఎచటనున్నదో తెలిసికొనును. రంపము పట్టుకొనిన యంత్రపు చేతిని చాలవరకు వైద్యుడే నడుపును. ముందుగా నిర్ణయించిన హద్దును రంపము దాటబోయినచో కొన్ని యంత్రములు దానిని ఆపివేయును. దుక్కి దున్నువాడు రైతే. చాలు వంకర పోకుండ చూచునది మాత్రము యంత్రము.

ఇట్టి యంత్రముల చరిత్ర మూడు దశాబ్దములకు మించినది. 1992లో అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమునందు రోబోడాక్ అను యంత్రమును తుంటి మార్పిడికి మొదట వాడిరి. 1997లో ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమందు కంప్యూటరు దారిచూపగా మోకీలు మార్పిడి చేసిరి. 2015లో మేకో అను యంత్రమును సంపూర్ణ మోకీలు మార్పిడికి వాడుటకు అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించెను. అటుపిమ్మట పలు సంస్థల యంత్రములు వచ్చినవి. నేడు హైదరాబాదు, బెంగళూరు వంటి నగరముల ఆసుపత్రులలో ఇవి వాడుకలో నున్నవి.

ఈ పద్ధతి వలన కొన్ని చిక్కులును కలవు. మేకులు దిగిన చోట అరుదుగా ఎముక చిట్లవచ్చును. గురుతులు కదలినచో కొలత తప్పును. దానిని గుర్తించి సరిచేయగలవాడు అనుభవజ్ఞుడైన వైద్యుడే. క్రొత్తగా నేర్చుకొను దినములలో శస్త్రచికిత్సకు ఎక్కువ సమయము పట్టును.

సంగతులు తెలుపు మోకాలు

యంత్రపు చేతితోపాటు మరికొన్ని పరికరములును వచ్చినవి. శస్త్రచికిత్స జరుగునపుడు ప్లాస్టికు పలకకు బదులు కొంతసేపు సెన్సారు గల పలకను ఉంచి, ఇరుప్రక్కల ఒత్తిడి సమానముగా నున్నదో లేదో చూచుట ఒక పద్ధతి. 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మరియొక పరికరమునకు అనుమతినిచ్చినది. దానియందు పిక్క ఎముకలో దిగు కాడలోనే చిన్న సెన్సారును, బ్యాటరీని అమర్చిరి. రోగి దినమున కెన్ని అడుగులు వేసెనో, ఎంత వేగముగ నడచెనో, మోకాలు ఎంత కదలెనో అది వైద్యునికి తెలుపును. చేతి ఫోనులు, మణికట్టు పట్టీలు కూడ అడుగులను లెక్కించుచున్నవి. ఫోను కెమెరా ముందు నడచినచో నడకలోని కుంటును కొలుచు విధానములపై పరిశోధనలు సాగుచున్నవి.

పట్టణమునకు దూరముననున్న మన గ్రామములకు ఇందలి ఉపయోగము స్పష్టము. వంద మైళ్ళు ప్రయాణము చేయకయే రోగి కోలుకొను తీరును వైద్యుడు చూడగలుగును. కాని అడుగులు తగ్గినవని చెప్పగల యంత్రము, అవి నొప్పిచే తగ్గినవా, వానచే తగ్గినవా, కోడలు పనిచేయవద్దన్నందున తగ్గినవా చెప్పజాలదు. దానిని తెలిసికొనుటకు ఇంటికి పోయి పలుకరించు ఆశా కార్యకర్తయో, ఆరోగ్య కార్యకర్తయో ఉండవలెను.

ఫలితములు ఎట్లున్నవి?

ఇదియే గ్రామస్థుడు అడుగు ముఖ్య ప్రశ్న. యంత్రము వాడినచో అమరిక మరింత కచ్చితముగా వచ్చుచున్నదని పలు పరిశీలనలు తెలుపుచున్నవి. కాని కచ్చితమైన అమరిక వలన రోగి నడక అంతకంతకు మెరుగగునా? కొరియా దేశమున ఒక శస్త్రవైద్యుడు 2002 మొదలు 2008 వరకు రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు నాటి రోబో సహాయముతోను, మరియొక వర్గమునకు చేతితోను మోకీలు మార్చెను. ఒక్కొక్క వర్గమున 674 మందిని కనీసము పదేండ్లు పరిశీలించి 2020లో ఫలితములు ప్రకటించిరి. నొప్పి, నడక, తొడుగు వదులగుట - వీనిలో చెప్పుకొనదగిన భేదము కనిపించలేదు. పదునైదేండ్ల పిదప రెండు వర్గములందును నూటికి 98 మోకాళ్ళు నిలిచియుండెను. నాటి యంత్రముకంటె నేటివి మెరుగైనవి. కావున వాని దీర్ఘకాల ఫలితములు ఇంకను రావలసియున్నవి.

చేతితో చేసిన మోకీలు మార్పిడి తక్కువదని తలచుటకు ఆధారము లేదు. ఆస్ట్రేలియా, ఫిన్లండు దేశముల జాబితాలను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి సుమారు 82 మార్పిడి మోకాళ్ళు 25 ఏండ్లు నిలిచినవి. వానిలో అత్యధికము రోబో లేకయే చేసినవి. మరియొక వైపు, మార్పిడి చేయించుకొనినవారిలో సుమారు అయిదుగురిలో ఒకరు పూర్తి తృప్తి పొందుట లేదని పలు దేశముల అనుభవము. ఈ అసంతృప్తికి కారణము రంపపు కోతలో కొంత యున్నను, తొందరపడి చేయించుకొనుట, వ్యాయామము మానుట, అతిగా ఆశించుట మొదలగు వానిలోను ఉన్నది.

కావున మేము చెప్పునది ఇది: అనుభవజ్ఞుడైన వైద్యుని చేతిలో యంత్రము మంచి పనిముట్టు. మంచి వైద్యుడు, శుభ్రమైన శస్త్రచికిత్స గది, పిమ్మటి వ్యాయామము - ఇవి యున్నచోట యంత్రము లేకున్నను నష్టము లేదు. ఇవి లేనిచోట యంత్రము రక్షింపజాలదు. కేవలము రోబో అనుమాట కొరకు చేను తాకట్టు పెట్టనవసరము లేదు.

మన మోకాలు యంత్రమునకు తెలియునా?

ఒంగోలు ఎద్దులను మాత్రమే చూచినవాడు హళ్ళికారు ఎద్దును చూచి తప్పు చెప్పవచ్చును. కృత్రిమ మేధకు బోధించిన మోకాలి చిత్రములలో చాల భాగము పాశ్చాత్య దేశములవి. 2004లో అమెరికా దేశమున ప్రారంభమైన ఒక గొప్ప పరిశోధనలో 4,796 మంది స్త్రీపురుషుల మోకాళ్ళను ఏండ్లతరబడి పరిశీలించిరి. ప్రపంచమందలి పలు యంత్రములు ఆ చిత్రములనుండియే నేర్చుకొనినవి. వారు కుర్చీపై కూర్చుండువారు. మనవారు నేలపై బాసిపెట్లు వేసికొని కూర్చుందురు, గొంతుకూర్చుండి పనిచేయుదురు, కాళ్ళు బాగుగా వంగిన పిదపనే వైద్యుని వద్దకు పోవుదురు. కావున మనదేశపు చిత్రములతో పరీక్షింపబడని యంత్రపు మాటను వైద్యుడు సరిచూచుకొనవలెను.

అనంతపురము సీమకు మరియొక విశేషము కలదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే పడు ఈ మెట్టలో జనులు లోతు బోరుబావులను ఆశ్రయించిరి. పలుచోట్ల ఆ నీటిలో ఫ్లోరైడు మిక్కుటముగా నున్నది. అధిక ఫ్లోరైడు వలన ఎముకలు మారును, కట్టునరములు గట్టిపడును, వెన్ను, మోకాళ్ళు బిగుసుకొనును. ఈ వ్యాధి మనదేశమున నున్నట్లు 1937లో నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లా గ్రామములలో మొదట గుర్తింపబడినది. ఫ్లోరైడు వ్యాధికి మోకీలు మార్పిడి మందు కాదు. అట్టి ఎముకపై శస్త్రచికిత్స కష్టతరమును. రోగి ఏ ఊరి నీరు త్రాగినవాడో వైద్యునికి ముందుగా తెలియజేయుట మంచిది. యంత్రము ఆ ప్రశ్న నడుగదు.

వ్యయము, సహాయము

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. పిమ్మట ప్రభుత్వములు మారినపుడు పథకపు పేరును మారుచు వచ్చినది. కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకము 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైనది. 2024 అక్టోబరు 29న దానిని ఆదాయముతో నిమిత్తము లేకుండ 70 ఏండ్లు నిండిన వారందరికిని విస్తరించిరి. ఏ ఆసుపత్రిలో, ఏ నిబంధనలపై మోకీలు మార్పిడి ఉచితముగా లభించునో ఆ ఆసుపత్రియందలి పథకపు సహాయకుని వద్ద ముందుగా విచారింపవలెను.

లోహపు మోకాలి ధరకును హద్దు కలదు. 2017 ఆగస్టు 16న జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ ఈ పరికరములకు గరిష్ఠ ధరలను నిర్ణయించినది. అందు సామాన్యముగా వాడు కోబాల్టు క్రోమియము మోకాలికి పన్ను గాక 54,720 రూపాయలు. అంతకుముందు దాని సగటు గరిష్ఠ ధర లక్షా యేబదివేలకు మించియుండెను. యంత్రము వాడినందుకు, స్కానుకు, ఒకసారి వాడి పారవేయు పరికరములకు ఆసుపత్రులు వేరుగా రుసుము కట్టవచ్చును. కావున వ్యయపు అంచనాను, పరికరము ధరను విడివిడిగా కాగితముపై వ్రాయించుకొనుట రోగి హక్కు.

మన ప్రాంతమున సేవాదృష్టితో నడచు సంస్థలును కలవు. 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి ఆసుపత్రి బత్తలపల్లెలోనే కలదు. పుట్టపర్తి వద్ద ప్రశాంతిగ్రామమున శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ 1991 నవంబరు 22న ప్రారంభింపబడినది. అచట రోగులనుండి రుసుము తీసికొనరు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల వారి బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ళ చికిత్సకు ప్రసిద్ధి చెందినది. అప్పుచేయుటకు ముందు ఇట్టి సంస్థలలో విచారించుట విజ్ఞత.

పంచాయతీలు చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలునందు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, త్రాగునీరు చేరియున్నవి. మోకాళ్ళ విషయమున ఈ క్రింది పనులు ఏ పంచాయతీకైనను సాధ్యములే.

1. నీటి పరీక్ష: త్రాగునీటిలో లీటరునకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల నుండవలెను. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకొందురు. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన పథకము క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇయ్యవలెనని నియమము కలదు. ఆ పరీక్షా ఫలితములను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. 1995లో శ్రీ సత్యసాయి సంస్థ వారి త్రాగునీటి పథకము ఈ జిల్లాలోని ఏడువందలకు పైగా గ్రామములకు నీరు అందించినది. మంచినీటి కుళాయి యున్నచోట బోరునీరు త్రాగకుండ జనులకు నచ్చజెప్పుడు.

2. జాబితా: మోకాళ్ళ బాధతో నడువలేనివారి వివరములను ఆశా కార్యకర్త ద్వారా సేకరించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించుడు. ప్రభుత్వపు ఇ-సంజీవని ద్వారా దూరమునుండియే నిపుణుని సలహా పొందవచ్చును. వీరిలో పలువురికి వ్యాయామమే చాలును.

3. శస్త్రచికిత్సకు ముందు: మధుమేహము, రక్తహీనత, చర్మముపై పుండ్లు, పుచ్చిన పండ్లు ఉన్నచో ముందుగా నయము చేయించుకొనవలెనని చెప్పుడు. మోకాలిలో స్టెరాయిడు సూదిమందు వేయించుకొనిన మూడు నెలల లోపల మార్పిడి చేయించుకొనినచో చీము పట్టు అపాయము హెచ్చును. ఆ సంగతిని వైద్యునివద్ద దాచరాదు.

4. అడుగవలసిన ప్రశ్నలు: నాకు శస్త్రచికిత్స ఇప్పుడే అవసరమా? మీరు ఏటికి ఎన్ని మోకాళ్ళు మార్చుచున్నారు? యంత్రము వలన నాకు ప్రత్యేకముగా కలుగు మేలు ఏమి? దానికి వేరు రుసుమెంత? యంత్రము చెడినచో చేతితో పూర్తిచేయుదురా? నా చిత్రములను, వివరములను ఎవరికి పంపుదురు? చదువురాని రోగి వెంట ఈ ప్రశ్నలు వ్రాసికొని ఒక యువకుని పంపుడు. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినదని కూడ గ్రామస్థులకు తెలుపుడు.

5. ఇంటికి వచ్చిన పిదప: రోగి సామాన్యముగా ఒకటి రెండు దినములలోనే నడకపట్టీతో నడుచును. కాని మోకాలిని మడచి చాచు వ్యాయామము వారములతరబడి చేయకున్నచో అది బిగుసుకొనును. గాయముపై పసరుగాని, నాటుమందుగాని వేయరాదు. జ్వరము, గాయమునుండి చీము, పిక్కలో వాపు, ఆయాసము కనిపించినచో ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

6. మరుగుదొడ్డి: మార్పిడి జరిగిన మోకాలితో గొంతుకూర్చుండుట కష్టము. కుర్చీవంటి పీట లేని మరుగుదొడ్డి కారణముగ పలువురు ఇబ్బందిపడుచున్నారు. పంచాయతీ రెండు మూడు మరుగుదొడ్డి కుర్చీలను, నడకపట్టీలను కొని, అవసరమైనవారికి కొంతకాలము ఇచ్చి తిరిగి తీసికొను ఏర్పాటు చేయవచ్చును. కార్యాలయపు మెట్లకు, పింఛను ఇచ్చు చోటికి చేతిపట్టు కడ్డీ అమర్చుటకు స్వల్ప వ్యయమే యగును.

యంత్రము కోత సరిగా నుండునట్లు చూచును. అది శస్త్రచికిత్స గదిలో ఒకటి రెండు గంటల పని. ఆ మోకాలు అరుగుటకు పట్టిన ముప్పది ఏండ్లును, మార్చిన పిదప నిలువవలసిన ఇరువది ఏండ్లును గ్రామముననే గడచును. త్రాగు నీరు, నడచు బాట, కూర్చుండు పీట, సకాలమున చెప్పిన మంచిమాట - ఇవి పంచాయతీ చేతిలోనివి. ఈ మాసపు గ్రామసభయందు ఊరి నీటి ఫ్లోరైడు లెక్కను చదివి వినిపించుటతో సభ్యులు ఈ పనిని ఆరంభించెదరుగాక.